సంపు మూత

నాలుగింటికి గాని లోపలికి పంపరట, అదీ ఒక్కరినేనట, ఇప్పుడు మూడూ ఐదు, అంటే ఇంకా యాభై ఐదు నిమిషాలు ఈ ఆసుపత్రి ఇనప కుర్చీలో, సంతోషి తల్లి సత్తెమ్మగారి పక్కన, ఒళ్ళో ఈ సంచీ పెట్టుకుని కూర్చోవాలి నేను. సంచీలో కళ్ళజోడు డబ్బా, మూడు రంగుల పెన్నులు, మజ్జిగ సీసా, హాజరు పుస్తకం, ఆ పుస్తకంలో నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం. శనివారం క్లాసయ్యాక సంతోషి ఇచ్చింది. "మీరు అడిగింది రాసిన మేడమ్" అని చేతిలో పెట్టింది. ఇవాళ బుధవారం. నాలుగు రోజులు విప్పలేదు నేను, తీరిక లేక కాదు, ఆ కథతో నా పని అయిపోయింది గనక. ఇప్పుడు విప్పుదామంటే చేతులు రావడం లేదు. ఎదురుగా తలుపు మీద ఎర్రక్షరాలతో 'పాదరక్షలు బయట విడువుము' అని రాసి ఉంది, విడువుము ఏమిటి, విడవండి అనలేరూ అనుకున్నాను, అనుకుని సిగ్గుపడ్డాను. ఆ తలుపవతల నా విద్యార్థిని సంతోషి గొంతులో గొట్టంతో పడి ఉంది, నేను బోర్డు మీద భాష దిద్దుతున్నాను. ఈ దిద్దే బుద్ధే కదా ఇంతదాకా తెచ్చింది.

కిటికీలోంచి ఎల్బీనగర్ చౌరస్తా కనిపిస్తోంది, ఫ్లైఓవరు, దాని పక్కన మెట్రో ఆఖరి స్టేషను, విజయవాడ బస్సుల కోసం ఎండలో నిలబడ్డ జనం. పొద్దున పదిన్నరకి దిల్‌సుఖ్‌నగర్‌లో క్లాసు మధ్యలో ఉన్నాను, అంతర్మథనానికీ స్వగతానికీ తేడా చెబుతున్నాను, స్వర్ణలత ఆలస్యంగా వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. స్వర్ణలతా సంతోషీ మన్సూరాబాద్ నుంచి ఒకే ఆటోలో వస్తారు. "మేడమ్, సంతోషి రాత్రి ఏదో మింగింది, దవాఖానల ఉన్నది, బతుకుతదో లేదో అంటున్రు" అంది. క్లాసులో అందరూ తలలెత్తారు. నేనేం చేశానో చెప్పనా, చేతిలో ఉన్న వాక్యం పూర్తి చేశాను. 'స్వగతంలో పాత్రకి తను మాట్లాడుతున్నట్టు తెలుసు' అని పూర్తి చేసి, అప్పుడు పుస్తకం మూశాను. మెట్రోలో నాలుగు స్టేషన్లయినా లేవు, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్, ఆ పది నిమిషాలూ పరీక్ష ఒత్తిడే అయ్యుంటుందని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను, నోటిఫికేషన్ మళ్ళీ వాయిదా పడింది కదా, పిల్లలందరూ కుంగిపోయి ఉన్నారు కదా అని. సంచీలో కాగితం ఉందన్న సంగతి అప్పటికి నాకు గుర్తే లేదు.

ఇరవై రెండేళ్ళుగా జూనియర్ లెక్చరర్ పరీక్షకి తెలుగు చెబుతున్నాను నేను. సూర్యప్రభ మేడమ్ కథాశిల్పం చెబితే మార్కులు పడ్డట్టే అని వనస్థలిపురం నుంచి ఉప్పల్ దాకా పేరు. నా పద్ధతి ఒకటుంది. ప్రతివాడి దగ్గరా మూడు రంగుల పెన్నులుండాలి. కథలో ప్రతీక కనిపిస్తే ఆకుపచ్చ గీత, మనసులో మాట కనిపిస్తే నీలం గీత, వాతావరణంతో భావం చెబితే ఎరుపు గీత. కథ చదవడం అయ్యేసరికి పేజీ అంతా ముగ్గు వేసినట్టుండాలి. పాత్ర ఏడిస్తే వార్త, వస్తువు ఏడిస్తే కథ, ఇది నా మాట, మా సెంటరు గోడ మీద పెయింటుతో రాయించారు డైరెక్టరు రాఘవేంద్ర. మూడు వారాల కిందట ఒక అభ్యాసం ఇచ్చాను. ఒక మనిషి లోపలి బాధ రాయండి, బాధ అనే మాటగాని దానికి దగ్గర మాటగాని ఒక్కటి రాకూడదు, ఆ మనిషికి ఏం జరిగిందో చెప్పకూడదు, చుట్టూ ఉన్న వస్తువులే చెప్పాలి అన్నాను. నూట పద్దెనిమిది మంది వాడిపోయిన పువ్వో, ఆరిపోయిన దీపమో రాసుకొచ్చారు. ఒకడు రెండూ రాశాడు. సంతోషి ఒక్కతే సంపు గురించి రాసింది.

పేజీన్నర కథ. ఒకామె రోజూ పొద్దున్నే మోటారు వేస్తుంది. మోటారు వేసేముందు వాకిట్లో నేలకింద నీళ్ళు నిలవుండే సంపు మూత మీద చెవి ఆనించి కూర్చుంటుంది. నల్లా నీళ్ళు దినం విడిచి దినం వస్తాయి, వచ్చిన రోజు ఆమె స్నానం చెయ్యదు. ఆ ఇంటి నీళ్ళు తాగదు, వీధి చివర ప్లాంటు నుంచి క్యాన్ మోసుకొస్తుంది. అరలో బాతు బొమ్మ ఉన్న చిన్న కప్పు ఒకటి బోర్లించి ఉంటుంది, దాని కింద చేరిన దుమ్ము గుండ్రంగా ఉంటుందని ఆమెకి తెలుసు, కాని కప్పు ఎత్తదు. ఆఖరి వాక్యం, 'ఆ రోజు మూత తెరిచి ఉంది.' చదివి లేచి నిలబడ్డాను నేను. ఆనందంతో. మావారు శ్రీరామమూర్తిని నిద్ర లేపి మరీ వినిపించాను, ఆయన అంతా విని "ఈ అమ్మాయికి ఒంట్లో బాగుందా?" అన్నారు. బ్యాంకు మనిషి, కథలేం తెలుస్తాయి అని నవ్వాను. నవ్వడం నాకు బాగా గుర్తుంది.

పేరు తీసేసి నూట ఇరవై జిరాక్స్‌లు తీయించి క్లాసులో పంచాను. మాదిరి కథ. గీతలు గీయండర్రా అన్నాను. సంపు అంటే ఏమిటి? అచేతన మనస్సు మేడమ్. శభాష్. మూత? సంఘం పెట్టే కట్టుబాటు. నీళ్ళు? వెనక బెంచీలోంచి ప్రసన్నకుమార్ లేచి అణగదొక్కిన కోరిక మేడమ్, ఆమెకి మొగుడితో పడదు అన్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వి అదీ ఒక కోణమే అన్నాను. మూడో బెంచీలో సంతోషి స్కేలు పెట్టి, తన కథ మీద తనే, వంకర పోకుండా ఆకుపచ్చ గీతలు గీస్తోంది. బాతు కప్పు దగ్గరికి వచ్చి ఆగింది. నేను దగ్గరికెళ్ళి వేలు పెట్టి చూపించాను, "ఇదీ ప్రతీకేనమ్మా, శూన్యత" అన్నాను. "అవునా మేడమ్" అని గీసింది. ఎంత నెమ్మదిగా అంది ఆ మాట. నేనది వినయమనుకున్నాను. ఆమె అసలు కాగితం మీద పదికి తొమ్మిది వేసి, ఆ తగ్గిన ఒక్క మార్కూ ఎందుకు తగ్గిందో కింద ఎర్ర పెన్నుతో రాశాను. 'మూత తెరిచింది ఎవరు? అది తేల్చకపోవడం వల్ల ముగింపు బలహీనపడింది. తిరిగి రాయుము.' అవును, రాయుము అనే రాశాను.

పొద్దున మెట్లెక్కి వస్తుంటే మొదటి అంతస్తులో వాళ్ళ చుట్టాలున్నారు. అండాలమ్మ అని సంతోషికి పెద్దమ్మ వరస, నన్నెవరో చుట్టాన్ననుకుని పక్కన కూర్చోబెట్టి చెప్పింది. "రెండేండ్ల కింద సంతోషి పిల్ల సంపుల వడి సచ్చిపాయె. జ్యోతిక అని, రెండేండ్లది, గింత ఉండె. తల్లే మూత తీసి మర్శిపోయిందట. అల్లుడు ఇల్లరికం వొచ్చినోడు, ఒక్క మాట అనలే గని మల్ల ఆమెతోని మాట్లాడనూ లే. గిప్పుడు గిది." అంతే, అంత మామూలుగా చెప్పి, వాళ్ళు తెచ్చిన ఇడ్లీలు తింటారా అని అడిగింది. సంపు అచేతన మనస్సు కాదు. సంపు సంపే. వాకిట్లో సిమెంటుతో కట్టి, నాలుగు వేల లీటర్లు పట్టే సంపు. నీళ్ళు నీళ్ళే. బాతు బొమ్మ కప్పుతో ఒక పిల్ల పాలు తాగేది. బాధ అనే మాట రాయొద్దని నియమం పెట్టింది నేను, ఏం జరిగిందో చెప్పొద్దన్నది నేను, ఆ నియమాలన్నీ ఒక్కటి తప్పకుండా పాటించి ఆమె తనకేం జరిగిందో చెప్పింది, నేనేమో మూత ఎవరు తెరిచారని అడిగాను. ఊరంతా అడిగి అలిసిపోయిన ప్రశ్నని పదిలో ఒక మార్కు కోసం మళ్ళీ అడిగాను.

మూడూ ఇరవై ఐదు. సత్తెమ్మగారు నాతో ఇంతవరకూ రెండే మాటలు మాట్లాడింది. సంతోషి తల్లినని చెప్పింది, నువ్వు చదువు చెప్పే మేడమ్‌వా అని అడిగింది. ఏడవడం లేదు. చీర చెంగున ముడి వేసిన తాళంచెవిని విప్పడం, మళ్ళీ ముడి వేయడం, అదే పనిగా అదే చేస్తోంది. నా తలలో పెన్ను మూత తీసుకుని సిద్ధంగా ఉంది, తాళంచెవి, ఆకుపచ్చ గీత. ఛీ. ఎక్కడ నేర్చుకున్నాను ఈ విద్య? రేపల్లెలో నాన్నగారు పోయిన రోజు నేర్చుకున్నాను. పదహారేళ్ళు నాకు. ఇంటినిండా ఏడుపులు, నాకు మాత్రం రాలేదు, చిలక్కొయ్యకి ఆయన గొడుగు వేలాడుతోంది, దాని మొనన ముందురోజు వాన తాలూకు బురద ఇంకా ఎండలేదు, దాన్నే చూస్తూ ఉండిపోయాను. తర్వాత గొడుగు గురించి కథ రాశాను, కాలేజీలో మొదటి బహుమతి వచ్చింది, చప్పట్లు కొట్టారు. కథ చదివి వినిపిస్తే అమ్మ అంతా విని "గొడుగు సంగతి బాగానే ఉందే, నువ్వెలా ఉన్నావు?" అని అడిగింది. అమ్మకి కథ అర్థం కాలేదనుకున్నాను. అమ్మకి, మావారికి, ఎవరికీ అర్థం కావనుకుంటూ ముప్ఫై ఎనిమిదేళ్ళు గడిపి, అదే విద్య ఏటా రెండు బ్యాచ్‌లకి నేర్పి, ఏడవాల్సిన పిల్లల చేత వస్తువుల్ని ఏడిపించాను. నాన్నగారి కోసం నేను ఇప్పటికీ ఏడవలేదు.

విప్పాలి. విప్పకపోతే ఆ కాగితంలో ఏముందో నాకు తెలియనట్టు ఇంకో గంట బతకొచ్చు, అంతే. హాజరు పుస్తకం తీశాను, శనివారం పేజీలో సంతోషి పేరు పక్కన టిక్కు ఉంది, సోమ మంగళాలూ ఉన్నాయి, బుధవారం ఖాళీ. సోమవారం, మంగళవారం మూడో బెంచీలో కూర్చుని నా మొహం చూసి ఉంటుంది కదా, ఈవిడ చదివిందా, చదివి కూడా ఏమీ అనలేదా అని. నాలుగు మడతలు విప్పాను. ఐదారు వాక్యాలు. మొదటిసారి చదువుతుంటే అక్షరాలు నిలవలేదు.

"గా కాయితం నా బిడ్డ రాసిందేనా? దాని రాత లెక్కనే ఉన్నది" అంది సత్తెమ్మగారు, తాళంచెవిని వదిలేసి. అవునన్నాను. "నాకు చదువు రాదు మేడమ్. జర చదివి చెప్పుండ్రి." చెప్పనా, మానేయనా, ఏదైనా అబద్ధం చెప్పనా, పాఠం అని చెప్పనా అని ఒక్క క్షణం అనుకున్నాను. తర్వాత చదివాను. 'మూత తెరిచింది ఆమే. నీళ్ళు వచ్చాయో లేదో చూద్దామని పొద్దున ఆరింటికి తెరిచింది. మళ్ళీ వేసిందో లేదో ఆమెకు గుర్తు లేదు. రెండేళ్ళుగా గుర్తు తెచ్చుకుంటోంది. ఇంక గుర్తు తెచ్చుకోవడం మానేస్తుంది.' దాని కింద ఒక గీత, గీత కింద నాకోసం ఒక మాట. 'మేడమ్, ఇప్పుడు ముగింపు తేలిందా?'

అది కూడా చదివాను. "ఆమె అంటే ఎవరు?" అని అడిగింది సత్తెమ్మగారు. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్నకి నేను ఎన్ని జవాబులు చెప్పానో, కథకుడి దూరమని, పాత్ర వెనక దాక్కోవడమని. "సంతోషి" అన్నాను. "ఆమె అంటే సంతోషే."

"ఏసింది" అంది సత్తెమ్మగారు. నాకు అర్థం కాలేదు. "మూత. నా బిడ్డ మూత ఏసింది మేడమ్. నేను జూసిన. ఆరింటికి తీసి జూసింది, నీళ్ళు రాలే, మల్ల ఏసింది, ఏసి మీద బకెటు గూడ బోర్లిచ్చింది. తొమ్మిదింటికి నల్లా వొచ్చిన సప్పుడైతే ఎంత నిండిందో జూద్దామని నేనే తీసిన. గప్పుడే పొయ్యి మీద పాలు మాడిన వాసనొస్తే లోపటికి ఉరికిన." ఎవరో నర్సు ట్రేతో మా ముందు నుంచి వెళ్ళింది, ఆవిడ ఆగి, నర్సు వెళ్ళాక మళ్ళీ మొదలుపెట్టింది. "మూత ఎవరు తీసిన్రు, మూత ఎవరు తీసిన్రు అని అందరు అడగవట్టిరి. నేనే కావొచ్చు అన్నది నా బిడ్డ. కావొచ్చు అన్నది. నేను నోరు తెరువలే. అల్లుని మొఖం జూసి తెరువలే. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకున్న. గట్లనే రెండేండ్లు అయిపాయె. సంతోషి సంపు కాడ కూసుంటుంటే భయమై మూతకు తాళం ఏసిన గని, నోరు తెరువలే."

కోపం రావాలి నాకు. నీ కూతురి ప్రాణం నీ నాలుక చివర ఉంటే రెండేళ్ళు ఎలా మింగావమ్మా అని అరవాలి. కాని ఈవిడ చదువు రాకపోయినా సంపు దగ్గర కూర్చున్న కూతుర్ని చూసి భయపడింది, భయపడి తాళం వేసింది. నేను అదే సంగతి అక్షరాల్లో చదివి గీతలు గీయించాను. ఇద్దరం ఒకే కుర్చీల వరసలో కూర్చున్నాం, తేడా ఏమీ కనిపించలేదు నాకు.

నాలుగు కావడానికి ఐదు నిమిషాలుంది. సత్తెమ్మగారు నా మోచెయ్యి పట్టుకుంది. "మీరు రాసియ్యుండ్రి మేడమ్. నాకు దాని ముంగట మాట రాదు. మీ రాత అంటే దానికి పానం. మీరు ఎర్రపెన్నుతోని రాసిన కాయితాలన్ని దేవుని అర్రల పెట్టుకున్నది. తెలివొచ్చినంక సదువుకుంటది, నమ్ముతది." దేవుని అర్రలో. నా 'తిరిగి రాయుము' దేవుడి పటాల మధ్య ఉందన్నమాట. సంచీలో చెయ్యి పెడితే ఎర్ర పెన్నే తగిలింది, కాగితం వెనక తిప్పాను, ఏం రాయాలా అనుకోకముందే వాక్యం తయారైపోయి వచ్చింది, 'మూత తీసిన చేతులు మరొకరివి.' ఎంత బాగుంది. చేతులు అనడంలో ఎంత నేర్పు, పేరు చెప్పకుండా. రాయకుండానే పెన్ను మూత పెట్టేశాను.

"నేను రాయను సత్తెమ్మగారూ. రాస్తే చెడగొడతాను. మీరే వెళ్ళి చెవిలో చెప్పండి. మూత నువ్వు వేశావు, నేనే తీశాను అని చెప్పండి. ఇంకేమీ కలపకండి."

"మందిచ్చి పండవెట్టిన్రు గద. ఇనవడ్తదా?"

"వినపడకపోయినా చెప్పండి."

సంతోషి తాలూకు ఎవరు అని తలుపులోంచి పిలిచారు. సత్తెమ్మగారు లేచింది, చెంగు ముడి విప్పి తాళంచెవి నా చేతిలో పెట్టి, ఆ రెక్క తలుపు నెట్టుకుని వెళ్ళింది. చెప్పులు విప్పడం మర్చిపోయి మళ్ళీ వెనక్కి వచ్చి విప్పి వెళ్ళింది. తలుపుకి చిన్న అద్దం ఉంది, లేచి వెళ్ళి చూశాను. ఆకుపచ్చ తెరలు, ఒక మంచం కాళ్ళ వైపు మాత్రం కనిపిస్తోంది, దుప్పటి బయట సంతోషి పాదాలు, వాటి మట్టెలు తీసేశారు. సత్తెమ్మగారి వీపు వంగి ఉంది. మాట్లాడుతోందో లేదో ఆ వీపు చూస్తే తెలియడం లేదు. ఫోన్ మోగింది, డైరెక్టరు రాఘవేంద్ర. "మేడమ్, సంతోషికి ఎలా ఉంది? అయ్యో పాపం. మీరు ఆరింటి బ్యాచ్‌కి వస్తారు కదా? ఆ మాదిరి కథ కొత్త బ్యాచ్‌కి కూడా జిరాక్స్ తీయించి పెట్టమంటారా?" వద్దన్నాను. పంచినవన్నీ కూడా వెనక్కి తీసుకోమన్నాను. ఎందుకు మేడమ్, బాగుంది కదా అన్నారు. అది కథ కాదండీ, అది ఆ అమ్మాయి ఇల్లు, అన్నాను. ఆయనకి అర్థమైందో లేదో, ఆరింటికి మాత్రం రానని చెప్పి పెట్టేశాను.

పావుగంటకి బయటికి వచ్చింది సత్తెమ్మగారు. గోడ పట్టుకుని నా పక్కన నిలబడింది. "చెప్పిన" అంది. "మూడుసార్లు చెప్పిన. చెయ్యి వట్టుకుని చెప్పిన." కళ్ళు తెరిచిందా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. "తెరువలే. గని మూడోసారి చెప్పినప్పుడు కంట్లకెళ్ళి నీళ్ళు కారినయ్ మేడమ్. నర్సమ్మనడిగితే కండ్లు ఎండిపోకుంట మందేస్తం, గా మందే కారుతది అన్నది." నా మొహంలోకి చూసింది. అప్పుడు మొదటిసారి ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. "మీరు సదువుకున్నోళ్ళు. గవి ఏం నీళ్ళో మీకు తెలుస్తది గద. ఇన్నదంటరా నా బిడ్డ?"

"నాకు తెలియదు సత్తెమ్మగారూ" అన్నాను.

ఆవిడ నా చేతిలోంచి తాళంచెవి తీసుకుంది. అల్లుడు బాల్‌రాజ్ కింద ఉన్నాడని, ఇప్పుడే పోయి అతనికి కూడా చెప్పాలని, మెట్లు దిగేదాకా జర తోడు రమ్మని అడిగింది. నడిచాం. రెండో మెట్టు దగ్గర నాకు ఏడుపొచ్చింది.